ఆదివారం ఫుట్‌బాల్ లీగ్: రిఫరీలే అసలు బలం

గచ్చిబౌలి పరిసరాల్లోని ఒక టర్ఫ్ (కృత్రిమ గడ్డి) మైదానంలో ఆదివారం ఉదయాల్లో జరిగే ఔత్సాహిక ఫుట్‌బాల్ లీగ్‌లో మా కాలనీ జట్టు ఈ సీజన్ మొత్తం ఆడింది. చేరదలచిన వారికి ఈ లీగ్‌ను నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. అందుకు ప్రధాన కారణం అక్కడి రిఫరీలు.

జట్టుకు ఏడుగురు, 20 నిమిషాల చొప్పున రెండు అర్ధభాగాలు. ఆఫ్‌సైడ్ (ప్రత్యర్థి రక్షకులను దాటి ముందే నిలబడి బంతి అందుకోకూడదన్న నియమం) లేదు, స్లైడింగ్ టాకిల్ (నేల మీద జారుతూ బంతిని లాక్కోవడం) నిషేధం, ఆటగాళ్లను ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. నియమాలు ఇంత సరళంగా ఉన్నా, గట్టిగా అమలు చేసేవారు లేకపోతే ఇలాంటి ఆటలు మాటా మాటా పెరిగి గొడవలతో ముగుస్తాయి. సెమీఫైనల్‌లో ప్రత్యర్థి కొట్టిన బంతి మా గోల్‌కీపర్ చేతుల్లోంచి జారి సరిగ్గా గోల్ గీత మీద ఆగింది. అవతలి జట్టంతా గోల్ అంటూ చేతులెత్తింది. గీతకు సూటిగా నిలబడి చూస్తున్న రిఫరీ ఆట కొనసాగించమని సైగ చేశారు. బంతి మైదానం బయటికి వెళ్లాక ఇద్దరు కెప్టెన్లనూ పిలిచి, బంతి మొత్తం గీత దాటితేనే గోల్ అవుతుందని శాంతంగా వివరించారు. ఓడిన జట్టు కూడా ఆయనతో కరచాలనం చేసే వెళ్లింది.

మైదానం చిన్నది కాబట్టి బంతిని కాళ్ల దగ్గర పెట్టుకొని కూర్చుంటే కుదరదు. చిన్న చిన్న పాస్‌లతో, వెంటవెంటనే ఆడాలి. సయ్యద్ అబ్దుల్ రహీమ్ శిక్షణలో 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు, అప్పట్లో బొంబాయిలో జరిగే రోవర్స్ కప్ టోర్నీ గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు పేరు తెచ్చినదీ ఇలాంటి ఆటే. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1962లో జకార్తా ఆసియా క్రీడల స్వర్ణం సాధించింది. అటువంటి ఊళ్లో ఉద్యోగాలు చేసుకునేవారు వారానికొకసారైనా పద్ధతిగా ఆడుకునే చోటు దొరకడం నాకెంతో సంతోషం.

రుసుము అందుబాటులోనే ఉంది. లోహపు స్టడ్‌లున్న బూట్లను అనుమతించరు, రబ్బరు అడుగున్న టర్ఫ్ బూట్లు కొనుక్కోవాలి.

లోపాలు రెండు. మొదటి మ్యాచ్ ఆలస్యమైతే మిగిలినవన్నీ వెనక్కి జరిగి ఎండలో పడతాయి; ఏప్రిల్‌లో తొమ్మిదింటికే టర్ఫ్ వేడి బూట్ల అడుగులోంచి పాదాలకు తగులుతుంది. అంతకన్నా తీవ్రమైనది ప్రథమ చికిత్స ఏర్పాటు లేకపోవడం. మా జట్టు కుర్రాడికి చీలమండ మెలిపడినప్పుడు ఐస్ కోసం వీధి చివరి జ్యూస్ దుకాణానికి పరుగెత్తవలసి వచ్చింది. రిఫరీల ఎంపికలో ఇంత శ్రద్ధ చూపిన నిర్వాహకులు వచ్చే సీజన్‌కైనా మైదానం పక్కన ఒక ప్రథమ చికిత్స పెట్టె, దాన్ని వాడడం తెలిసిన ఒక మనిషి ఉండేలా చూడాలి. కొత్తగా చేరే జట్లు పొద్దున్నే జరిగే మ్యాచ్‌లనే అడిగి తీసుకోవడం మంచిది.