ఇంటి చెత్తతో వంటగ్యాసు అంటూ అమ్మే ట్యాంకులతో జాగ్రత్త

కావలి, ఒంగోలు వైపు కూడా ఈ అమ్మకాలు మొదలయ్యాయని విని రాస్తున్నాను. 750 లీటర్ల ప్లాస్టిక్ ట్యాంకు, గ్యాసు నిండే సంచి, ఒక పొయ్యి కలిపి ఇస్తారు. ఇంట్లో చెత్త వేస్తే చాలు, ఇక సిలిండరు బుక్ చేసే పనే ఉండదంటారు. నెల్లూరులో మా మేడ మీద రూ.32,000 తీసుకుని అమర్చారు. నలుగురికి రెండు పూటలా వంట అవుతుందని అరచేతిలో వైకుంఠం చూపించారు. వచ్చే గ్యాసు పొద్దున పాలు కాచి, ఒక కూర వండేసరికి అయిపోతోంది.

చెత్త నుంచి గ్యాసు రావడం అబద్ధం కాదు. పల్లెల్లో గోబర్ గ్యాసు మనకు కొత్తేమీ కాదు, దీనబంధు అనే గోబర్ గ్యాసు ప్లాంటు నమూనా 1984 నుంచే ఉంది. పైగా మన జిల్లాల ఎండ, చెత్తను కుళ్లబెట్టి గ్యాసు చేసే సూక్ష్మజీవులకు బాగా పడుతుంది. మోసమంతా లెక్కలో ఉంది.

వంటింటి తడి చెత్త 10 కిలోలు వేస్తే సుమారు 1 ఘనపు మీటరు గ్యాసు వస్తుంది. అందులో మండేది మీథేన్ ఒక్కటే, అది 60 శాతం అటూ ఇటూగా ఉంటుంది. మిగతాది చాలావరకు కార్బన్ డయాక్సైడ్. అందుకే ఆ ఘనపు మీటరు అర కిలో ఎల్పీజీకి కూడా సరితూగదు. నలుగురున్న ఇంట్లో తొక్కలు, మిగిలిన అన్నం కలిపి రోజుకు కిలోన్నర అనుకుందాం. నెలకు 45 కిలోలు. దాని నుంచి వచ్చేది దాదాపు 2 కిలోల ఎల్పీజీ చేసే పని. అంటే 14.2 కిలోల సిలిండరులో ఏడో వంతు! అమ్మేవాళ్లు స్టాలులో చూపించే ట్యాంకులో హోటళ్ల నుంచి తెచ్చిన అన్నం, గంజి పోస్తారని అమర్చడానికి వచ్చిన కుర్రాడే చెప్పాడు. పిండి పదార్థం కాబట్టి అక్కడ మంట అంత బాగా కనిపిస్తుంది.

మూడో రోజే వంట మొదలుపెట్టవచ్చన్నారు. అది జరగని పని. ముందు పేడ, నీళ్లు కలిపి ట్యాంకు నింపాలి, సూక్ష్మజీవులు కుదురుకోవడానికి వారాలు పడుతుంది. మొదట వచ్చే గ్యాసు సరిగా అంటుకోదు, దాన్ని వదిలేయాలి. "ఏ చెత్తయినా వేయండి" అని కరపత్రంలో అచ్చు వేశారు. గూడూరు నిమ్మకాయలు, చేపల పులుసు లేని ఇల్లు మన దగ్గర ఎక్కడుంది? నిమ్మ తొక్కలు, చింతపండు పిప్పి ఎక్కువైతే లోపల పులుపు పెరిగి గ్యాసు ఆగిపోతుంది. చేప ముళ్లు, గుడ్డు పెంకులు కరగక అడుగున పేరుకుంటాయి.

నాకు అన్నిటికన్నా భయం కలిగించింది పొయ్యి. బయోగ్యాసు (చెత్త నుంచి వచ్చే ఈ గ్యాసు) పొయ్యి అని ఇచ్చినది మామూలు ఎల్పీజీ పొయ్యే. జెట్ (పొయ్యిలోకి గ్యాసు చిమ్మే చిన్న రంధ్రమున్న భాగం) విప్పి చూస్తే రంధ్రాన్ని డ్రిల్లుతో పెద్దది చేసిన గీతలు స్పష్టంగా కనిపిస్తున్నాయి, రంధ్రం ఒక పక్కకు ఒరిగి ఉంది. బయోగ్యాసు తక్కువ ఒత్తిడితో వస్తుంది కాబట్టి జెట్ పెద్దగా ఉండాల్సిందే, కానీ దానికి విడిగా తయారుచేసిన పొయ్యిలు ఉన్నాయి. ఇలాంటి పొయ్యి మీ ఇంట్లో ఉంటే దయచేసి దాన్ని మళ్లీ సిలిండరుకు తగిలించకండి. మంట ఒక్కసారిగా ఎగసి మీదికి వస్తుంది. గ్యాసు సంచిని గదిలో కూడా పెట్టకండి.

ప్రభుత్వ రాయితీ వస్తుందని వాళ్లు చెప్పే మాట కూడా నమ్మవద్దు. కేంద్ర పథకంలో రాయితీ రోజుకు 1 ఘనపు మీటరు గ్యాసు ఇచ్చే ప్లాంటు నుంచి మొదలవుతుంది, అదీ ఆమోదం పొందిన నమూనాలకే. డబ్బు కట్టకముందే నెడ్‌క్యాప్ (రాష్ట్ర పునరుత్పాదక ఇంధన సంస్థ, ఇప్పటి పేరు ఎన్‌ఆర్‌ఈడీక్యాప్) జిల్లా కార్యాలయంలో ఆ నమూనా గురించి అడగండి. మా బిల్లులో బయోగ్యాసు అన్న మాటే లేదు, "ప్లాస్టిక్ ట్యాంకు, విడిభాగాలు" అని ఉంది. అది చూపించే, ట్యాంకు కారడం లేదు కదా అని చేతులు దులుపుకొన్నారు.

ట్యాంకు నుంచి వచ్చే ద్రవం మంచి ఎరువు, మా కరివేపాకు చెట్టు గుబురుగా పెరిగింది. ఎరువు కోసం మాత్రం ఎవరూ ఇంత డబ్బు పెట్టరు.

కొనాలనుకునేవారు ట్యాంకు ఎన్ని లీటర్లని అడిగి ఊరుకోవద్దు. ఎన్ని కిలోల చెత్తకు రోజుకు ఎంత గ్యాసు, రాకపోతే డబ్బు వెనక్కి ఇస్తారా అన్నది బిల్లు మీదే రాయించుకోండి. ఇప్పటికే కొన్నవారు కరపత్రం పారేయకండి, వాళ్ల హామీకి అదే సాక్ష్యం. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. రెండేళ్లలోపు మన జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చు, ఇంత చిన్న మొత్తానికి రుసుము కూడా లేదు. నేను వేస్తున్నాను. ఇదే సరుకు కొన్నవారు ఉంటే మీ బిల్లులో ఏమని రాశారో ఇక్కడ చెప్పండి.