యాక్సెస్ ఫైలు: రాయడానికి హక్కు, తీసేయడానికి తాళం

చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో లెక్కలు చూస్తాను. తోతాపురి లోడ్లు, కాటా స్లిప్పులు, రైతులకు ఇవ్వాల్సిన బాకీలు, అన్నీ ఏళ్లుగా మైక్రోసాఫ్ట్ యాక్సెస్ అనే డేటాబేస్ ప్రోగ్రామ్‌లోనే. దాని మీద నా కోపమంతా ఒక్కటే: డేటా ఉన్న ఫోల్డర్‌లో అందరికీ డిలీట్ హక్కు ఇమ్మంటుంది. ఎవరైనా తెరవగానే పక్కన ఒక లాక్ ఫైలు (డేటాను ఎవరెవరు వాడుతున్నారో రాసుకునే చిన్న ఫైలు) పుట్టాలి, చివరి మనిషి మూయగానే అది పోవాలి. అందుకోసం అసలు ఫైలుకే రక్షణ లేకుండా పోతుంది.

భయపడినట్టే అయింది. సీజన్ మధ్యలో ఒక పొద్దున, ఇంకా ఎవరూ తెరవకముందు, కాటా రూములో ఎవరో పాత బిల్లులు తీసేస్తూ డేటా ఫైలు కూడా తీసేశారు. షేర్డ్ ఫోల్డర్‌లో తీసేసింది మన కంప్యూటర్ రీసైకిల్ బిన్‌లోకి రాదు. ముందురోజు సాయంత్రం బ్యాకప్ దొరికింది కానీ రాత్రి దిగిన లోడ్లు అందులో లేవు. ఒక పెద్దాయన స్లిప్పు చేతిలో పట్టుకుని "నా లోడు లెక్కలో లేదంటావేంది సామీ?" అని నిలదీస్తే నోట మాట రాలేదు. గేటు దగ్గరి స్లిప్పు పుస్తకాలు తెప్పించి మళ్లీ అన్నీ ఎక్కించాం.

సర్వర్ చూసే అబ్బాయి ఆ తర్వాత చూపించిన దారి నిజంగా అద్భుతం. ఫోల్డర్ ప్రాపర్టీస్ తెరిచి, సెక్యూరిటీలో అడ్వాన్స్‌డ్‌కి వెళ్లి, ఫోల్డర్‌కి ఉన్న 'లోపలి ఫైళ్లను తీసేసే' హక్కు ఎత్తేశాడు. కొత్తగా పుట్టే ఫైళ్లకు మాత్రం డిలీట్ హక్కు వచ్చేలా పెట్టాడు. డేటా ఫైలుకు ఫోల్డర్ నుంచి వచ్చే హక్కులు ఆపేసి, చదవడం, రాయడం మాత్రమే ఇచ్చాడు. లాక్ ఫైలు ఎప్పటిలాగే వస్తోంది, పోతోంది. డేటా ఫైలును తీసేయబోతే విండోస్ ఒప్పుకోదు, పేరు కూడా మార్చనివ్వదు. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

అయితే కాంపాక్ట్ అండ్ రిపేర్ (ఉబ్బిన ఫైలును కుదించి సరిచేసే యాక్సెస్ పని) చేస్తే ఆ తాళం ఊడిపోతుంది. అది కొత్త ఫైలు తయారుచేసి పాతదాని చోట పెడుతుంది, కొత్తదానికి ఫోల్డర్ హక్కులే వస్తాయి. కాబట్టి కాంపాక్ట్ నేనే చేస్తాను, వెంటనే హక్కులు మళ్లీ సరిచేసే బ్యాచ్ ఫైలు నడుపుతాను. టేబుల్‌లోని రికార్డులు ఎవరైనా చెరిపితే ఈ తాళం ఆపదు, అందుకే బ్యాకప్ ఇప్పుడు రోజుకు రెండు పూటలా.

మాకు ఇది సరిపోతోంది. కొద్దిమందిమి, ఒకే ప్రహరీ లోపల, అందరికీ కేబుల్ కనెక్షనే. వైఫైలో గానీ, తిరుపతి ఆఫీసు నుంచి ఇంటర్నెట్ మీద గానీ ఇదే ఫైలు తెరవాలనుకునేవాళ్లకు మాత్రం వద్దంటాను, మధ్యలో లైను తెగితే ఫైలే పాడవ్వొచ్చు. వాళ్లు ఉచితంగా దొరికే ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్ అనే డేటాబేస్ సర్వర్ చూసుకోవడం మేలు. యాక్సెస్ ఫైలు 2 జీబీ దాటదు, మాది ఇంకా అంత దూరం రాలేదు.