సొంత విమానమా, పరాయి విమానానికి తోకలా?

వైమానిక పరిశ్రమ నిలబడాలంటే ప్రభుత్వం ముందు రెండు దారులున్నాయి. మన దేశం రెండూ పట్టింది.

మొదటిది తేజస్ దారి, అంటే మన సొంత తేలికపాటి యుద్ధ విమానం. 1983లో పథకం మంజూరైంది, 2001లో మొదటిసారి ఎగిరింది, 2016లో వాయుసేనలో చేరింది. ఇంత నెమ్మదా అని తిట్టుకోవచ్చు, తప్పులేదు. కానీ రెక్క ఆకారం నుంచి ఫ్లైట్ కంట్రోల్ సాఫ్ట్‌వేర్ దాకా మనవాళ్లే తేల్చుకున్నారు. రేపు మార్పు కావాలంటే ఎవరి గుమ్మం తొక్కక్కర్లేదు. పెద్ద చిక్కు ఇంజిన్ దగ్గరే. మన సొంత ఇంజిన్ కావేరి కుదరక అమెరికా కంపెనీ జీఈ ఇంజిన్ మీదే ఆధారపడ్డాం. 2021లో తేజస్ కొత్త రకమైన మార్క్-1ఏలకు 83 ఆర్డరిస్తే, వాటి మొదటి ఇంజిన్ వచ్చింది 2025 మార్చిలో!

రెండోది ఆఫ్‌సెట్ దారి: మీ దగ్గర కొంటాం, మా దగ్గర కొంత పని చేయించండి అని విదేశీ కంపెనీలకు పెట్టే షరతు. హైదరాబాద్ పక్కన ఆదిభట్లలో ఇది కళ్లకు కనిపిస్తుంది. అమెరికా అపాచీ యుద్ధ హెలికాప్టర్ల బాడీలు, సీ-130జే రవాణా విమానాల తోకలు అక్కడే తయారవుతున్నాయి. ఐటీఐ కుర్రాళ్లకు ఉద్యోగాలు, ప్రపంచ స్థాయి నాణ్యత. ఆర్డర్లూ త్వరగానే వచ్చాయి. అయితే డ్రాయింగు ఆ విదేశీ కంపెనీలది, ధర వాళ్లది. వాళ్ల అమ్మకాలు పడిపోతే ఇక్కడ షిఫ్టులు తగ్గుతాయి.

ఉపాధి మాటైతే నా ఓటు ఆదిభట్లకే. పోటీలో నిలవడం మాటైతే తేజస్‌కే, అదీ ఇంజిన్ పరిశోధనకు డబ్బు పెడితేనే.