ఎమర్జెన్సీ బ్లాంకెట్‌తో ఆరేళ్లు: కేదార్‌కంఠ మంచులో, నల్లమల ఎండలో

అరవై గ్రాముల బరువు, చొక్కా జేబులో ఇమిడే మడత, నూటయాభై రూపాయల లోపు ధర చూసి ఆరేళ్ల క్రితం ఈ వెండి రంగు దుప్పటిని కొన్నాను. శరీరపు వేడిలో తొంభై శాతాన్ని తిరిగి మనకే అందిస్తుందని ప్యాకెట్ మీద రాసి ఉంటుంది. ఆ మాట అబద్ధం కాదు కానీ, అందులో చెప్పకుండా వదిలేసినదే ఎక్కువ. 1964లో నాసా కోసం రూపొందిన ఈ పదార్థం పలుచని ప్లాస్టిక్ పొర మీద అల్యూమినియం పూత మాత్రమే. అది వికిరణంగా, అంటే ఒంటి నుంచి కిరణాల రూపంలో పోయే వేడిని వెనక్కి పంపుతుంది, గాలిని, తడిని అడ్డుకుంటుంది. ఒంటికి తాకిన నేల లాగేసుకునే వేడిని మాత్రం ఏమాత్రం ఆపలేదు.

ఈ తేడా నాకు ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ దారిలో, జూడా కా తాలాబ్ శిబిరం దగ్గర, డిసెంబరు రాత్రి తెలిసివచ్చింది. మా బృందంలో ఒకతను మంచులో జారిపడి నడుము దాకా తడిశాడు. జీన్స్ ప్యాంటు వేసుకుని రావద్దని ముందే చెప్పినా వినలేదు. తడిసిన నూలు బట్ట చలిలో ఎంత శత్రువో ఆ రోజు అందరం చూశాం. వణుకుతున్నంతసేపూ మాకు ధైర్యంగానే ఉంది, ఎందుకంటే ఒంటి వేడి 35 డిగ్రీల కన్నా బాగా దిగజారినప్పుడు ఆ వణుకే ఆగిపోతుంది, మనిషి మత్తుగా మాట్లాడతాడు, అసలు భయపడవలసింది అప్పుడు. తడి బట్టలు విప్పించి, పొడి ఉన్ని బట్టలు తొడిగి, కింద రెండు ఫోమ్ మ్యాట్‌లు పరిచి, స్లీపింగ్ బ్యాగ్‌లో పడుకోబెట్టాక, ఆ పైన ఈ దుప్పటిని గాలి చొరకుండా కప్పాం. వేడివేడి చక్కెర నీళ్లు తాగి గంటన్నరకు కుదుటపడ్డాడు. ఆ ఘనతలో సింహభాగం మ్యాట్‌లదీ పొడి బట్టలదీ, దుప్పటిది సహాయపాత్రే.

మరో రాత్రి అత్యాశకు పోయి నేనే స్లీపింగ్ బ్యాగ్ లోపల దీన్ని చుట్టుకుని పడుకున్నాను. ఆవిరి బయటికి పోయే దారి లేక తెల్లారేసరికి మేజోళ్లు, బనియను తడిసి ముద్దయ్యాయి, పక్కకు తిరిగినప్పుడల్లా వచ్చిన గలగల చప్పుడుకు టెంటులోని మిగతా ఇద్దరూ నిద్రపోలేదు.

ఎండలో దీని పనితనం నన్ను ఎక్కువగా మెప్పించింది. చైత్ర పౌర్ణమికి నల్లమలలో సలేశ్వరం జాతరకు వెళ్లినప్పుడు, లోయలోకి దిగే దారిలో ఆకురాలిన చెట్ల కింద నీడే కరువు. అక్కడ దుప్పటిని ఒంటికి చుట్టుకున్న ఒక కుర్రవాడిని చూసి ఆపవలసి వచ్చింది, ఎందుకంటే చెమట ఆరనివ్వని పొరలో మనిషి ఉడికిపోతాడు. దాన్ని తలకు రెండు మూడు అడుగుల ఎత్తులో, మెరిసే వైపు ఆకాశానికి ఉండేలా, నాలుగు పక్కలా గాలి ఆడేటట్టు కట్టాలి. మూలలకు రంధ్రాలు ఉండవు, పొడిస్తే చిరుగు అలాగే సాగిపోతుంది. అందుకని గులకరాయిని మూలలో పెట్టి పొరతో చుట్టి, ఆ మెడకు తాడు బిగిస్తాను. తల తిరుగుతోందన్న మా పెదనాన్నను ఆ నీడలో కూర్చోబెట్టి, తడి తువ్వాలు మెడ మీద వేసి, లీటరు నీళ్లలో ఓఆర్ఎస్ ప్యాకెట్ కలిపి కొద్దికొద్దిగా తాగిస్తే అరగంటలో తేరుకున్నారు. మాట తడబడి, ఒళ్లు కాలిపోతూ 40 డిగ్రీలు దాటితే మాత్రం అది వడదెబ్బ. అప్పుడు నోట్లో నీళ్లు పోయకుండా, ఒళ్లంతా తడుపుతూ విసురుతూ ఆసుపత్రికి చేర్చవలసిందే. మాతో నడిచిన చెంచు తాత ఇదంతా చూసి, పొద్దెక్కకముందే నడిచి ఉంటే ఈ తగరం పని ఏముందని నవ్వాడు. ఆయనకు నా దగ్గర జవాబు లేకపోయింది.

మన్నిక విషయంలో పెద్దగా ఆశ పెట్టుకోవద్దు. ఒకసారి విప్పితే మళ్లీ ఆ మడత రాదు, మడతల వెంబడి పూత రాలుతుంది, ముళ్లకంప తగిలితే టేపు అతికించవలసి వస్తుంది. ఇప్పటికి నాలుగోది వాడుతున్నాను. మూడోదాన్ని డాబా మీది నీళ్ల ట్యాంకుకు కప్పి చూశాను. వేసవి గడిచేసరికి పట్టుకుంటే చేతిలో పెళుసుగా విరిగింది.