కడపలో "ఆ మాత్రలు" కొనేవాళ్లు జాగ్రత్త, బిల్లు లేకుండా షాపు మెట్లు దిగొద్దు

ఏడు రోడ్ల దగ్గర ఎప్పుడూ జనం కిటకిటలాడే మందుల షాపు. పేరు రాయను, కడపవాళ్లకు చెప్పక్కర్లేదు.

షుగరు తెచ్చిపెట్టిన సమస్య నాది. డాక్టరు గారు సిల్డెనాఫిల్ (వయాగ్రా అంటారే, ఆ మందే) 25 ఎంజీ రాశారు. ప్రోస్టేట్‌కు టామ్సులోసిన్ వాడుతున్నాను, రెండూ కలిస్తే బీపీ పడిపోవచ్చని తక్కువ డోసుతో మొదలుపెట్టమన్నారు.

షాపాయన చీటీ సరిగ్గా చూస్తే కదా! పేరు కనబడగానే ఒక నవ్వు. స్ట్రిప్పులోంచి నాలుగు మాత్రలు కత్తెరతో కత్తిరించి కవర్లో పడేశాడు. బిల్లు అడిగాను. పక్కన బిడ్డకు జ్వరం మందు కొంటున్న ఆడమనిషికి వినబడేలా, "ఏందన్నా, దీనికి కూడా బిల్లా? వదినకు చూపిస్తావా?" అన్నాడు. కౌంటరు వెనక కుర్రాళ్లు కిసుక్కుమన్నారు. నేను మహా మొనగాణ్ణి కదా, తల దించుకుని డబ్బులిచ్చి బండెక్కాను.

రాత్రి మాత్ర వేసుకుంటే తల పగిలిపోయే నొప్పి, ముఖమంతా మంట. మంచం దిగబోతే కళ్లు తిరిగి గోడ పట్టుకున్నా. పొద్దున డాక్టరు గారు స్ట్రిప్పు ముక్క తిప్పి చూస్తే మందు పేరు లేదు, ఎక్స్‌పైరీ తేదీ లేదు. కత్తిరించిన అంచున మిగిలింది "00 ఎంజీ" ఒక్కటే. 25లో రెండు సున్నాలు యాడివి? 100 ఎంజీ అంటగట్టాడు, నాలుగింతలు!

ముక్క పట్టుకుని షాపుకు పోయాను. అదే మనిషి, ముఖంలో ఏ మార్పూ లేదు. "మా దగ్గరే కొన్నావా? ఏదీ, బిల్లు చూపించు" అన్నాడు. బిల్లు అడిగినందుకు నలుగురిలో నన్ను ఎగతాళి చేసిన నోరే అది! నేను చీటీ తీసేలోపే, "ఇట్లాంటివి వేసుకుని మా మీద పడతారేంది" అని ఇంకా గట్టిగా. ఒళ్లు మండిపోయింది. ఇది రాస్తుంటే ఇప్పటికీ చేతులు వణుకుతున్నాయి.

ఇది షెడ్యూల్ హెచ్ మందు, డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. బ్యాచ్ నంబరుతో బిల్లు అడగండి, ఎవడు నవ్వినా సరే. పేరు, తేదీ ఉన్న వైపు కత్తిరించి ఇస్తే తీసుకోవద్దు. గుండెకు సార్బిట్రేట్ లాంటి నైట్రేట్ మందులు వాడేవాళ్లయితే ఈ మాత్ర జోలికే పోవద్దు, ప్రాణం మీదికొస్తుంది. గుండె మందులు వాడుతున్నావా అని ఆ షాపులో ఒక్కడూ అడగలేదు.

డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కు అర్జీ రాస్తున్నా. అక్కడే కొని ఇలాగే మోసపోయినవాళ్లు ఎవరైనా ఉంటే ఆ స్ట్రిప్పు ముక్క పారేయకండి, నాకు మెసేజ్ పెట్టండి.