కొలాజ్ జిగుర్లు: తిరుపతి ఎండకూ వానకూ ఏది నిలుస్తుంది

కొలాజ్ (కాగితం, గుడ్డ ముక్కలు అతికించి కూర్చే బొమ్మ) చేసేవాళ్లం కాగితాలకోసం వెతికినంత ఓపిగ్గా జిగురుకోసం వెతకం. ఇంట్లో ఉన్న తెల్ల జిగురు డబ్బా మూత తీసి మొదలుపెట్టేస్తాం. అతికించిన రోజు అన్ని జిగుర్లూ ఒకలాగే ఉంటాయి. మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటాక, ఆ తర్వాత అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల తేమ గోడల్లోకి దిగాక ఒక్కోదాని సంగతీ బయటపడుతుంది. ఏళ్లుగా వాడిన మీదట నా అభిప్రాయం ఇది: జిగురు ఎంత గట్టిగా పట్టుకుంటుందనేది ఇక్కడ రెండో ప్రశ్న. అందులో నీళ్లెంత ఉన్నాయి, ఆరాక వేడికి మళ్లీ మెత్తబడుతుందా అనేవి ముందు చూసుకోవాలి.

మైదా జిగురుతో మొదలుపెడతాను, ఎందుకంటే చవకైనదే అయినా దాన్ని తక్కువగా చూడడం తప్పు. ఒక వంతు పిండికి ఐదారు వంతుల నీళ్లు. ముందు కొద్దిగా చన్నీళ్లతో ఉండలు లేకుండా కలుపుకుని, మిగతా నీళ్లు పోసి, సన్నమంట మీద పది నిమిషాలు ఆపకుండా తిప్పాలి. తెల్లదనం తగ్గి కొంచెం పారదర్శకంగా మారితే ఉడికినట్టు. చల్లారాక పల్చటి గుడ్డలో వడకట్టాలి. పల్చని కాగితానికైతే ఇంకొంచెం నీళ్లు కలిపి మజ్జిగలా చేసుకోవాలి. మైదాకు బదులు కార్న్‌ఫ్లోర్ వాడితే ఇంకా శుభ్రంగా వస్తుంది, ఎందుకంటే మైదాలో ఉండే గ్లూటెన్ అందులో ఉండదు. దీని గొప్పతనం ఏమిటంటే, అతికించాక కూడా ముక్కను అటూ ఇటూ జరపడానికి టైమిస్తుంది. ఆరాక తడిపితే ఊడివస్తుంది కాబట్టి తప్పు దిద్దుకోవచ్చు. వేడికి మెత్తబడదు.

చెడ్డ గుణాలూ ఉన్నాయి. వేసవిలో బయట పెడితే మర్నాటికి పులుస్తుంది, ఫ్రిజ్‌లో రెండు మూడు రోజులు ఆగుతుంది. బొద్దింకలకూ సిల్వర్ ఫిష్‌కూ ఇది తిండి. తడి గోడకు తగిలిస్తే బూజు పడుతుంది. అందుకే సినిమా పోస్టర్లు అంటించేవాళ్లూ, బైండింగ్ చేసేవాళ్లూ ఇందులో మైలుతుత్తం వేస్తారు. కొలాజ్‌లో మాత్రం వద్దు. అది విషం, పైగా అందులోని రాగి కాగితాన్ని త్వరగా గోధుమరంగుకు తిప్పి పెళుసుబారుస్తుంది. గిన్నెకు రెండు చుక్కల లవంగ నూనె వేస్తే చాలు.

సీఎంసీ (కార్బాక్సీ మిథైల్ సెల్యులోజ్) పొడి గురించి మన దగ్గర ఎక్కువమందికి తెలియదు. కేకుల సామాన్లు అమ్మే షాపుల్లో దొరుకుతుంది. 100 మిల్లీలీటర్ల చన్నీళ్లకు 2 నుంచి 3 గ్రాములు. నీళ్లు తిప్పుతూ పైనుంచి చల్లాలి. ఒక్కసారిగా గుమ్మరిస్తే ఉండలు కట్టి, ఎంత తిప్పినా కరగవు. రాత్రంతా వదిలేస్తే తెల్లారేసరికి జెల్లీ తయారు. పట్టు తక్కువ, బరువైన కార్డును ఆపలేదు. పాత పుస్తకాల పేజీలు, టిష్యూ కాగితం, న్యూస్‌ప్రింట్‌లాంటి వాటికి మాత్రం నేను దీన్నే ఎంచుకుంటాను. మరక కనిపించదు, మైదా అంతగా పురుగుల్నీ పిలవదు.

తెల్ల పీవీఏ జిగురును (పాలివినైల్ అసిటేట్, ఇళ్లలో ఉండే మామూలు తెల్ల జిగురు) నేను అట్ట వెనక పనికే పరిమితం చేశాను. అది గట్టిదే, చెక్కకూ అట్టకూ బాగా పట్టుకుంటుంది. కానీ వేడికి మెత్తబడే జాతిది. కిందినుంచి లాగే బరువో, వంపు తిరిగిన మందపాటి కార్డో ఉంటే, మే నెల మధ్యాహ్నాల్లో ఆ అతుకు కొంచెం కొంచెంగా జారుతుంది. కొలాజ్‌లో అతికించిన శుభలేఖ మూలలు పైకి లేవడానికి అసలు కారణం ఇదే. జిగురు తక్కువైందనుకుని మళ్లీ పూస్తే సమస్య పెరుగుతుందే తప్ప తగ్గదు. పైగా ఆరాక వెనక్కి తీయలేం.

యాక్రిలిక్ మ్యాట్ జెల్ (ఆరాక మెరుపు లేకుండా ఉండే చిక్కటి యాక్రిలిక్ పూత) ఖరీదైనది, కానీ క్యాలెండర్ కాగితానికీ గుడ్డకూ దీన్ని మించింది నాకు కనబడలేదు. క్యాలెండర్ల ఆర్ట్ పేపర్‌కు పైన తెల్లమట్టి పూత ఉంటుంది. ఆ నున్నటి పూత మైదా జిగురును లోపలికి పీల్చుకోనివ్వదు, ఎక్కువ తడి తగిలితే పూత చెదిరి రంగు వేలికి వస్తుంది. జెల్ మాత్రం పైపొరకే పట్టుకుంటుంది. ఇబ్బందల్లా వేసవిలో నిమిషాల్లో పొర కట్టేయడం. ఫ్యాను కట్టేసి, తెల్లవారుజామున పనిచేసుకోవాలి. బొమ్మ మొత్తానికీ ఒకేసారి కాకుండా ఒక్కో ముక్కకే పూయాలి.

తిరుపతిలో క్యాలెండర్ అంటే చాలావరకు స్వామి బొమ్మే. ముఖాన్నో పాదాల్నో తెగేలా కత్తిరించకుండా అంచులు, పూలదండలు, గోపురాలు తీసుకోవడం మంచిది. మిగిలిన ముక్కల్ని చెత్తలో వేయకుండా ఒక కవరులో దాచి, ఇంట్లో పెద్దవాళ్లు చేసే పద్ధతిలోనే సాగనంపాలి. చూడ్డానికొచ్చేవాళ్లు దీన్ని గమనిస్తారు, గమనించాలి కూడా.

శుభలేఖల దగ్గర ఒక రసాయన చిక్కుంది. మూలలకు రాసిన పసుపు క్షారం తగిలితే ఎర్రబడుతుంది. యాక్రిలిక్ జెల్, జెస్సో (రంగులకు ముందు పూసే తెల్లని అడుగుపూత) తడిగా ఉన్నప్పుడు కొంచెం క్షార గుణంతోనే ఉంటాయి. అందుకని పసుపు మూల మీద జెల్ పూస్తే అది ఇటుకరంగుకు తిరగొచ్చు. అలా తిరగకపోయినా, వెలుతురుకు పసుపు చాలా త్వరగా వెలిసిపోతుంది. ఆ రంగు నిలవాలంటే మూల కత్తిరించేసి, పసుపు యాక్రిలిక్ రంగుతో మళ్లీ వేసుకోవడమే దారి. మెషిన్‌లో వచ్చే బస్సు టికెట్లను కూడా నేరుగా అతికించకండి. అది వేడికి నల్లబడే కాగితం, అచ్చు కొన్నాళ్లకు మాయమవుతుంది. జిరాక్స్ తీయించి ఆ కాపీ వాడాలి. జిరాక్స్, లేజర్ ప్రింట్ల టోనర్ తడికి చెదరదు. ఇంక్‌జెట్ ప్రింట్ చాలాసార్లు చెదురుతుంది.

న్యూస్‌పేపర్ సంగతి ఇంకా తీవ్రమైనది. చెక్క నారల్ని కలిపి ఉంచే లిగ్నిన్ అనే పదార్థం గుజ్జులో మిగిలిపోవడం వల్ల, వెలుతురుకూ గాలికీ అది పసుపు పచ్చబడి పెళుసుబారుతుంది. కొలాజ్‌ను ఆధునిక కళలోకి తెచ్చిన 1912 నాటి పనుల్లోనే ఇది కనిపిస్తుంది. చిత్రకారులు పికాసో, బ్రాక్ అతికించిన న్యూస్‌పేపర్ ముక్కలు ఇప్పుడు గోధుమరంగులో ఉన్నాయి. వాళ్లకంటే చాలా ముందే, 1772లో, ఇంగ్లండ్‌లో మేరీ డెలానీ 72వ ఏట కాగితాలు కత్తిరించి పూల బొమ్మలు చేయడం మొదలుపెట్టింది. ఆ కాలంలో కాగితం గుడ్డపీలికల గుజ్జుతో చేసేవారు, అందులో లిగ్నిన్ బెడద లేదు. బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న ఆ పూలు ఇప్పటికీ తాజాగా కనిపించడానికి అదొక ముఖ్య కారణం. పైన ఏ పూత వేసినా న్యూస్‌ప్రింట్ రంగు మారడం నెమ్మదిస్తుందే తప్ప ఆగదు. తెలుగు దినపత్రిక అక్షరాలే కావాలంటే మంచి కాగితం మీద లేజర్ ప్రింట్ తీసుకోండి. లేదా ఆ పసుపు పచ్చనే రంగుల లెక్కలో కలుపుకుని పక్కన నీలమో ఆకుపచ్చో పెట్టండి.

శ్రీకాళహస్తి కలంకారీ ముక్కలు ఇక్కడి వాళ్లకు దొరికే అదృష్టం. ఆ బట్టను ముందు కరక్కాయ, గేదెపాలు కలిపిన నీటిలో నానబెడతారు, నల్లగీతల్ని ఇనుము, బెల్లం పులియబెట్టిన నీటితో గీస్తారు. కరక్కాయలోని వగరు పదార్థం టానిన్‌తో ఇనుము కలిస్తే నలుపు వస్తుంది. అదే ఇనుము దశాబ్దాలు గడిచేకొద్దీ నూలు పోగును తినేస్తుంది కాబట్టి, పాత బట్టలో నల్లగీత ఉన్నచోటే ముందు చిరుగుతుంది. అలాంటి ముక్కకు ఆమ్లగుణం ఉన్న చవక జిగురు తగలనివ్వకూడదు. కొత్త కత్తిరింపులైతే వెనక పల్చగా జెల్ పూసి, ఆరాక కత్తిరించండి. అంచు పోగులు ఊడవు. పూయకముందు తడిపిన తెల్లగుడ్డతో ఒక మూల రుద్ది, రంగు దిగుతుందేమో చూసుకోవాలి. బొమ్మ కూర్పు నేర్చుకోవడానికి కూడా కలంకారీని మించిన బడి లేదు. కథను అడ్డపట్టీలుగా, గళ్లుగా విడదీసి, మధ్యలో పెద్ద బొమ్మ నిలిపి, పట్టీల్లో తెలుగు అక్షరాలు రాసే పద్ధతి కొలాజ్‌కు నేరుగా పనికొస్తుంది. వెంకటగిరి నేత ముక్కల్లో జరీ అంచును మాత్రం మడవకండి, మడత దగ్గర అది తెగి మెరుపు పోతుంది.

ఏ జిగురైనా, కింది అట్ట వంగకుండా చూసుకోవడమే అసలు పని. తడి కాగితం పోగుకు (అందులోని నారలు పరుచుకున్న దిశకు) అడ్డంగా సాగుతుంది, ఆరుతూ కుంచించుకుని అట్టను తనవైపు లాగుతుంది. పోగు ఎటుందో తెలియాలంటే చిన్న ముక్కకు ఒకవైపు తడి రాయండి, గొట్టంలా చుట్టుకుంటుంది. ఆ గొట్టం పొడవే పోగు దిశ. 2 మిల్లీమీటర్ల బైండింగ్ అట్ట అయితే వెనక కూడా అదే మందం కాగితాన్ని, అదే దిశలో, అదే జిగురుతో అంటించాలి. 6 మిల్లీమీటర్ల ఎండీఎఫ్ (చెక్క నారను నొక్కి చేసిన పలక) అయితే ముందూ వెనకా అంచులకూ జెస్సో పూసి ఆరబెట్టాలి. బుడగలు రాకుండా ఉండాలంటే కాగితానికి జిగురు పూసి రెండు మూడు నిమిషాలు సాగనివ్వాలి. తర్వాత అతికించి, మధ్యనుంచి అంచులకు పాత ఏటీఎం కార్డుతో తోయాలి. పూయగానే అతికిస్తే కాగితం బల్ల మీద సాగాల్సింది అట్ట మీద సాగుతుంది, బుడగ అక్కడే పుడుతుంది. పైన బరువు పెట్టేటప్పుడు మధ్యలో కడిగిన పాలపాకెట్ ప్లాస్టిక్ వేయండి. మామూలు బటర్ పేపర్ అంటుకుపోతుంది. ఎండకాలంలో ఒక రాత్రి, వానాకాలంలో రెండు రోజులు బరువు కింద ఉంచాలి.

ప్రింట్‌లోని అక్షరాల్ని బొమ్మ మీదికి బదిలీ చేయాలంటే జిరాక్స్ షాపులో తిరగేసి ప్రింట్ తీయించాలి. లేదంటే తెలుగు అద్దంలో చూసినట్టు పడుతుంది. జెల్ ఒకే మందంలో పూసి, ప్రింట్‌ను బోర్లా వేసి, బుడగలు తోసేసి రాత్రంతా ఆరనివ్వాలి. తర్వాత తడి వేలితో కాగితం పొరను మెల్లగా రుద్ది తీయాలి. తొందరపడి మూడు గంటలకే రుద్దితే అక్షరాలు కాగితంతోపాటే లేస్తాయి. ఆరాక తెల్ల మసక కనిపిస్తే మిగిలిన కాగితం పోగులు ఉన్నట్టు, ఇంకోసారి తడిపి తీయాలి.

కత్తిరించడానికి సర్జికల్ షాపులో దొరికే 3వ నంబరు పిడి, 11వ నంబరు బ్లేడు చాలు. ఆర్ట్ షాపు కత్తులకోసం తిరగక్కర్లేదు.

చివరగా ఫ్రేము. యాక్రిలిక్ పూత వేసవిలో పూర్తిగా ఆరినా కొంచెం అంటుకునే గుణంతో ఉంటుంది. రెండు బొమ్మలు ఎదురెదురుగా పేరిస్తే ఒకదాన్నొకటి పట్టుకుని, విడదీస్తే పైపొర చిరుగుతుంది. మధ్యలో అదే పాలపాకెట్ ప్లాస్టిక్ వేయాలి. గాజు వేయిస్తే బొమ్మకూ గాజుకూ కనీసం 5 మిల్లీమీటర్ల ఎడం ఉండేలా పట్టీ పెట్టమని ఫ్రేము చేసేవాళ్లకు ముందే చెప్పండి. చెప్పకపోతే గాజును నేరుగా ఆనించి బిగించేస్తారు.