కురుపాం చూడబోయి పార్వతీపురంలో మోసపోయాం

ఫోనులో ఏసీ గది 1,200 అని చెప్పిన లాడ్జీ గుమస్తా, మేము ముగ్గురం సంచులు మోసుకుని రెండో అంతస్తుకు చేరాక 1,800 అన్నాడు. పార్వతీపురం యాత్రలో నాకు ఇప్పటికీ మింగుడుపడనిది ఆ 600 రూపాయలే. ఎవరో నాయకుడి సమావేశం ఉందని, ఊళ్లో గదులన్నీ నిండిపోయాయని కారణం చెప్పాడు. వేరే చోట చూసుకుందామంటే రాత్రి తొమ్మిది దాటింది, వాన పడుతోంది, మా ఆవిడ మోకాళ్లు అప్పటికే మొరాయిస్తున్నాయి. డబ్బు కట్టించుకున్నాక ఏసీ రిమోటుకు మరో 200 డిపాజిట్టు అడిగాడు. ఆ ఏసీ గాలి ఇచ్చిందే తప్ప చల్లదనం ఇవ్వలేదు. దుప్పటి మార్చమంటే ఉతికిన దుప్పట్లు రేపు వస్తాయన్నాడు. అర్ధరాత్రి వరకు కింది హాలులో మైకు మోగుతూనే ఉంది. పొద్దున్న రసీదు అడిగితే ఒక తెల్ల కాగితం మీద అంకె వేసి ఇచ్చి, "ఎలక్షన్ల నెలలో వస్తే ఇదే గది మూడున్నర వేలు, మీరు అదృష్టవంతులు సార్" అని నన్ను ఓదార్చాడు. నా బావమరిది ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ తరువాత చాలాసేపు అతడు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు.

ఇంతకూ మేము వెళ్లింది పార్వతీపురం కోసం కాదు, కురుపాం కోసం. నేను విజయనగరంలో సివిక్స్ చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి. 2009 ఏప్రిల్ 16న, అంటే కురుపాం అనే పేరుతో ఒక శాసనసభ నియోజకవర్గం మొట్టమొదటిసారి ఓటు వేసిన రోజున, కొమరాడ మండలంలో ఒక పోలింగ్ కేంద్రానికి ప్రిసైడింగ్ అధికారిగా ఉన్నాను. అంతకుముందు ఆ ప్రాంతం నాగూరు నియోజకవర్గం. 2008 నాటి పునర్విభజనలో నాగూరు పేరు రద్దయింది. కురుపాం, గుమ్మలక్ష్మీపురం, జియ్యమ్మవలస, కొమరాడ, గరుగుబిల్లి మండలాలతో కొత్త ఎస్టీ నియోజకవర్గం వచ్చింది. ఆ మార్పును తరగతిలో నల్లబల్ల మీద ఎన్నోసార్లు చెప్పాను గానీ, మళ్లీ వెళ్లి చూడలేదు. మొన్న సెప్టెంబరులో తీరిక దొరికింది.

విజయనగరం నుంచి పార్వతీపురం వరకు ఎక్స్‌ప్రెస్ బస్సు సాఫీగా సాగింది. నాకూ బావమరిదికీ టికెట్లు కొన్నాం; మా ఆవిడకు కండక్టరు సున్నా రూపాయల టికెట్టు కొట్టి ఇచ్చాడు. 2024 ఎన్నికల్లో ఇచ్చిన మహిళల ఉచిత బస్సు ప్రయాణం హామీ 2025 ఆగస్టు 15 నుంచి అమలులోకి వచ్చింది కాబట్టి, ఒక ఎన్నికల వాగ్దానం మా కుటుంబం చేతికి కాగితం రూపంలో అందిన సందర్భం ఇదేనని ఆమె ఆ టికెట్టును చేతిసంచిలో దాచుకుంది.

మరునాడు కారు మాట్లాడుకున్నాం. డీజిలుతో సహా రోజుకు 3,200. ముందుగా ఒక కార్యాలయంలో నాగూరు కాలం నాటి ఓటర్ల జాబితాలేవైనా చూడవచ్చునేమోనని అడగబోతే, బల్ల వెనుక కూర్చున్నాయన తల ఎత్తకుండానే "ఎందుకు?" అన్నాడు. ఆసక్తి కొద్దీ అన్నాను. "ఆసక్తికి రూల్ లేదండి" అన్నాడు. నలభై నిమిషాలు పోయాయి. కాగితాల కోసం ఆఫీసులు తిరగవద్దు, ఆ సమయం దారిలో మనుషులతో గడపండి అని వెళ్లదలచినవారికి నా సలహా.

కురుపాం కోటను బయటి నుంచే చూశాం. ఈ కోట కుటుంబానికి చెందిన వైరిచర్ల కిషోర్ చంద్రదేవ్ 1977లో పార్వతీపురం లోక్‌సభ స్థానం నుంచి మొదటిసారి గెలిచారు. 1984లో దేశమంతా ఇందిర హత్యానంతర సానుభూతి వీస్తున్నప్పుడు, ఆ గాలికి ఎదురుగా కాంగ్రెస్ (సోషలిస్టు) గుర్తుపై నెగ్గారు. పునర్విభజనలో పార్వతీపురం లోక్‌సభ స్థానమే మాయమై కురుపాం అరకులో కలిసింది. ఒక చివర మన పాలకొండ, మరో చివర గోదావరి పక్క రంపచోడవరం ఉన్న ఆ పొడవాటి నియోజకవర్గం నుంచి 2009లో ఆయనే గెలిచి, 2011లో కేంద్రంలో గిరిజన వ్యవహారాల మంత్రి అయ్యారు. 2014లో కొత్తపల్లి గీత చేతిలో ఓడారు. 2019లో తెలుగుదేశం అభ్యర్థిగా నిలబడితే, కాంగ్రెస్ టికెట్టుపై పోటీకి దిగింది ఆయన కుమార్తె శ్రుతీదేవి. గెలిచింది మాత్రం ఇద్దరూ కాదు, వైసీపీ తరఫున గొడ్డేటి మాధవి. తండ్రీకూతుళ్లు ఒకే స్థానంలో తలపడ్డ ఆ సంగతిని మా ఆవిడకు కోట గోడ పక్కన నిలబడి చెబుతుంటే, "ఇంట్లో భోజనాలు ఎలా చేసి ఉంటారో" అని మాత్రం అంది.

జియ్యమ్మవలస మండలంలో చినమేరంగి కోట మరొకటి. శత్రుచర్ల వారిది. ఆ కుటుంబంలో పెద్దవాడైన విజయరామరాజు 2009 నాటికి పాతపట్నం అనే జనరల్ స్థానానికి వెళ్లి అక్కడ గెలిచారు. అదే ఎన్నికలో కొత్త కురుపాం నుంచి కాంగ్రెస్ తరఫున గెలిచినవారు జనార్దన్ థాట్రాజ్. 2014లో, 2019లో వైసీపీ నుంచి గెలిచిన పాముల పుష్పశ్రీవాణి శత్రుచర్ల వారి కోడలే, మాజీ ఎమ్మెల్యే చంద్రశేఖరరాజు కుమారుడి భార్య. 2019 జూన్‌లో ఆమె గిరిజన సంక్షేమ శాఖతో ఉపముఖ్యమంత్రి అయ్యారు. 2022 ఏప్రిల్‌లో అదే శాఖ పక్కనున్న సాలూరు ఎమ్మెల్యే రాజన్నదొరకు, 2024లో అదే సాలూరు నుంచి ఆయనను ఓడించిన గుమ్మిడి సంధ్యారాణికి వెళ్లింది. శాఖ ఈ కొండల చుట్టూనే తిరుగుతోంది. 2024లో కురుపాంలో పుష్పశ్రీవాణిపై తెలుగుదేశం అభ్యర్థి తోయక జగదీశ్వరి గెలిచారు. 2019లో, 2024లో రెండుసార్లూ ఆధిక్యం 20 వేలు దాటింది, దిశ మాత్రం తిరగబడింది. కోటల వారికే ఓట్లు పడతాయని నేను పాతికేళ్లు పాఠం చెప్పాను. ఆ పాఠంలో తప్పు ఉందని ఒప్పుకుంటున్నాను.

ఆ తప్పును ముఖాముఖి చూపించింది గుమ్మలక్ష్మీపురంలో ఒక రేకుల షెడ్డు మెస్సు. మనిషికి 90 రూపాయలు. ఇంత తక్కువ ధరకు ఏమి పెడతారులే అనుకుని కూర్చున్న మాకు ముందు గ్లాసుల్లో చోడి (రాగి) అంబలి ఇచ్చారు. తరువాత వేడి అన్నంలో కొండ కందిపప్పు, పచ్చిమిరప దంచి వేసిన వెదురు కొమ్ముల కూర, ఎండుచేపల పులుసు. వెదురు కొమ్ములు వాన కాలంలోనే దొరుకుతాయి; వాటి చేదు పోయేలా ఉడికించడం చేతకాకపోతే కూర పాడవుతుంది. ఇక్కడ ఆ చేదు నాలుక చివర ఒక్క క్షణం తగిలి మాయమైంది. బావమరిది రెండో రోజు మొదటిసారి నోరు విప్పి, "బావా, ఇంకొంచెం ఏయమను" అన్నాడు. మెస్సు నడిపేది డెబ్బై దాటిన జాతాపు తెగకు చెందిన ఒక గిరిజన పెద్దాయన. నేను పార్టీల పేర్లు చెబుతుంటే ఆయన గుర్తులతో సరిదిద్దాడు. 2004 సంగతి అడగగానే "అప్పుడు సుత్తీ కొడవలీ నక్షత్రం" అన్నాడు. నిజమే, నాగూరు పేరుతో జరిగిన ఆ చివరి ఎన్నికలో సీపీఎం అభ్యర్థి కోలక లక్ష్మణమూర్తి గెలిచారు. కోట నుంచి వచ్చినవారు కాదు. మొండెంఖల్లు సభకు వెళ్తున్న ఇద్దరు గిరిజనులు, కోరన్న, మంగన్న, 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర భూస్వాముల మనుషుల తుపాకులకు బలైన నేల ఇది. ఆ తరువాత వచ్చిన సాయుధ పోరాటం ఎన్నికల బహిష్కరణకు పిలుపునిచ్చిన నేల. అక్కడే మూడున్నర దశాబ్దాల తరువాత ఎర్రజెండా బ్యాలెట్టు మీద గెలిచింది. ఆ పెద్దాయన ఈ లెక్క వేయలేదు, నేనే వేశాను. ఆయన మాత్రం తన చిన్నప్పుడు ఊరు శ్రీకాకుళం జిల్లా అని, పెళ్లయ్యాక 1979లో విజయనగరం అయిందని, మనవలు పుట్టాక 2022లో పార్వతీపురం మన్యం అయిందని, తాను మాత్రం ఈ పొయ్యి దగ్గరి నుంచి కదలలేదని నవ్వాడు. 270 అయిన చోట 300 ఇస్తే 30 తిరిగి ఇచ్చాడు, తీసుకోనంటే కోపగించుకున్నాడు.

సాయంత్రానికి కొమరాడ మండలం పూర్ణపాడు చేరాం. నాగావళి మీద పూర్ణపాడు, లాబేసు గ్రామాల మధ్య కట్టవలసిన వంతెన నా డ్యూటీ కాలంలోనే ఎన్నికల మాట. ఆ ఏప్రిల్‌లో నది తొడలోతే ఉంది కాబట్టి ఈవీఎం పెట్టెను నెత్తిన పెట్టుకుని ఒక కుర్రవాడు ముందు నడిచాడు, చెప్పులు చేతబట్టుకుని నేను వెనక నడిచాను. ఇప్పుడు సెప్టెంబరు వరదలో స్తంభాలు నీళ్ల మధ్య నిలబడి ఉన్నాయి, వాటి మీదుగా అటు పోయే దారి లేదు. నాటు పడవవాడు మనిషికి 20 అడిగాడు గానీ ప్రవాహం చూసి మా ఆవిడ వద్దంది. అవతలి గట్టు వాళ్లు ఓటు వేయడానికి, రేషనుకు, ఆసుపత్రికి ఇదే పడవ ఎక్కుతారు. ఏజెన్సీ కావడంతో 2024 మే 13న ఇక్కడ పోలింగ్ గడువు సాయంత్రం అయిదు వరకే ఇచ్చారు. ఆ అయిదులో పడవ కోసం ఎదురు చూసే సమయం ఎంతో ఎవరు లెక్కించారు?

అయిదున్నర కాగానే కారు డ్రైవరు తొందరపెట్టాడు. ఒడిశా నుంచి వచ్చి 2018 నుంచి ఈ మండలాల్లోనే తిరుగుతున్న ఏనుగులు చీకటి పడితే రోడ్డెక్కుతాయన్నాడు. అది నిజమే, పంటలు పోయినవారిని దారిలో చూశాం. కానీ పార్వతీపురం చేరాక 500 ఎక్కువ అడిగి దానికీ ఏనుగులనే కారణంగా చూపాడు. బావమరిది ఏమీ మాట్లాడలేదు. జేబులోంచి లాడ్జీవాడి తెల్ల కాగితం తీసి వెనక్కి తిప్పి, "ఏనుగుల భత్యం 500, సంతకం పెట్టు" అన్నాడు. డ్రైవరు నవ్వి 3,200 తీసుకుని వెళ్లిపోయాడు. ఆ రాత్రి మేము ఆ లాడ్జీకి పోలేదు, చివరి బస్సుకు విజయనగరం వచ్చేశాం. మా ఆవిడకు మళ్లీ సున్నా టికెట్టే.